మహిళా లీడర్‌షిప్ కాన్ఫరెన్స్‌కి వెళ్లనా వద్దా అని అడిగిన చెల్లికి

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను ఒక కంపెనీలో ఆపరేషన్స్ టీమ్‌లో చేస్తున్నా, చేరి తొమ్మిదేళ్లయింది, టీమ్ లీడ్ అయ్యి నాలుగేళ్లు, అప్పట్నుంచి అక్కడే ఉన్నా. ప్రతి ఏడాది జరిగే ఒక మహిళా లీడర్‌షిప్ కాన్ఫరెన్స్‌కి ఈసారి మా ఆఫీస్ తరఫున నన్ను పంపిస్తాం అన్నారు, రెండ్రోజులు. పోయినేడు వెళ్లినావిడ ఒక బ్యాగు, ఒక సర్టిఫికెట్, బోలెడు ఫొటోలతో వచ్చింది, ఆ తర్వాత ఏమీ మారలేదు. మా టీమ్‌లో ఒకతను "పిక్నిక్ బాగా ఎంజాయ్ చెయ్" అన్నాడు. నేను కొత్తవాళ్లతో అంత త్వరగా కలవలేను. పాపకి నాలుగేళ్లు, రెండ్రోజులు వదిలి వెళ్లడం మా అత్తగారికి ఇష్టం లేదు, మా ఆయన మాత్రం వెళ్లమంటున్నారు. ఇది కాక మా ఆఫీస్‌లో జరిగే విమెన్స్ డే ప్రోగ్రామ్ కమిటీలో ఈసారి కూడా ఉండమంటున్నారు, వరసగా నేనే చేస్తున్నా. నిజంగా ఈ కాన్ఫరెన్స్‌ల వల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా? వెళ్తే ఏం చెయ్యాలి?

సమాధానం:

చెల్లీ, వెళ్లు. ఇంకో ఆలోచన పెట్టుకోకు, పేరు ఇచ్చేయ్. మిగతాదంతా ఎలా వెళ్లాలి అన్నదాని గురించే రాస్తా, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు అసలు సమస్య అక్కడే కనిపించింది. పోయినేడు వెళ్లొచ్చినావిడ గురించి రాశావు కదా, బ్యాగు, సర్టిఫికెట్, ఫొటోలు అని, ఆవిడని తప్పు పట్టడానికేం లేదు, ఎందుకు పంపుతున్నారో ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు, వచ్చాక ఏం నేర్చుకున్నావ్ అని ఎవరూ అడిగి ఉండరు, రెండ్రోజులు మంచి మాటలు వింది, సోమవారం మళ్లీ అదే సీటు అదే పని. సినిమాకి వెళ్లొచ్చినట్టు వెళ్లొస్తే అంతే జరుగుతుంది మరి. నువ్వు ఒక పని పెట్టుకుని వెళ్లాలి, అక్కడ ఇద్దరు ముగ్గురు మనుషుల్ని సంపాదించుకోవాలి, వచ్చాక మీ ఆఫీస్‌లో గట్టిగా ఒకటి అడగాలి. ఈ మూడూ జరిగితే స్టేజీ మీద ఎవరు ఏం మాట్లాడినా మాట్లాడకపోయినా నీ రెండ్రోజులకి విలువ వచ్చినట్టే.

ఉపయోగం ఉంటుందా అన్నావ్. దీని మీద ఒక స్టడీ ఉంది, 2018లో షాన్ ఏకర్ అనే పరిశోధకుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. అమెరికాలో జరిగే ఇలాంటి మహిళా కాన్ఫరెన్స్‌లకి వెళ్లొచ్చినవాళ్లని ఒకవైపు, పేరు రిజిస్టర్ చేసుకుని ఇంకా వెళ్లనివాళ్లని ఇంకోవైపు పెట్టి చూశారు. వెళ్లనివాళ్లలో 18 శాతం మందికి ప్రమోషన్ వస్తే వెళ్లొచ్చినవాళ్లలో 42 శాతం మందికి వచ్చింది, జీతం 10 శాతం పైన పెరిగినవాళ్లు వెళ్లనివాళ్లలో 5 శాతం, వెళ్లొచ్చినవాళ్లలో 15 శాతం. వినడానికి చాలా బాగుంది కదా, కానీ ఒకటి గుర్తుపెట్టుకో, ఇది లాటరీ తీసి సగం మందిని పంపి సగం మందిని ఆపి చేసిన పరీక్ష కాదు, కాబట్టి కాన్ఫరెన్స్‌కి వెళ్లడం వల్లే ప్రమోషన్ వచ్చేసింది అని రాసి ఇవ్వలేం. అయినా నాకు దీంట్లో నచ్చిందేంటంటే, రిజిస్టర్ చేసుకున్నారంటే ఇద్దరికీ ఆశ ఉన్నట్టే, ఆసక్తి ఉన్నట్టే, అయినా ఇంత తేడా వచ్చింది. నా లెక్కలో ఆ తేడా ఉపన్యాసాల వల్ల రాలేదు. తమలాంటి పని చేస్తున్న వేరే ఆడవాళ్లు ఏం అడుగుతున్నారో ఎంత తీసుకుంటున్నారో కళ్లారా చూశాక ఓహో ఇది అడగొచ్చా అని తెలుస్తుంది చూడు, దాని వల్ల వచ్చింది.

ఇక ఆ పిక్నిక్ అన్నతను. అతనికి నువ్వు సమాధానం చెప్పాల్సిన పనేం లేదు గానీ ఆ మాట నీకు గుచ్చుకుందని నువ్వు రాసిన తీరులోనే తెలిసిపోతోంది, అందుకే చెప్తున్నా. ఆడవాళ్లు ఇలా కూడి మాట్లాడుకోవడం వల్ల ప్రపంచంలో ఎంత కదిలిందో చూడు. 1848 జూలైలో అమెరికాలోని సెనెకా ఫాల్స్ అనే చిన్న ఊళ్లో సరిగ్గా రెండ్రోజులే ఒక సభ జరిగింది, నీ కాన్ఫరెన్స్ అంతే, దాదాపు 300 మంది వచ్చారు. ఆడవాళ్లకి ఓటు కావాలి అన్న తీర్మానం దగ్గరికి వచ్చేసరికి అక్కడికి వచ్చినవాళ్లే చాలామంది వెనక్కి తగ్గారు, మరీ ఎక్కువ అడుగుతున్నామేమో, నవ్వుతారేమో అని. ఆ సభ ఏర్పాటు చేసినవాళ్లలో ఒకరైన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ పట్టు వదల్లేదు, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి దాని మీద పోరాడుతున్న ఫ్రెడరిక్ డగ్లస్ లేచి ఆవిడకి మద్దతుగా మాట్లాడాడు, తీర్మానం గట్టెక్కింది. చివర్లో వాళ్ల ప్రకటన కాగితం మీద 100 మంది సంతకాలు పెట్టారు, 68 మంది ఆడవాళ్లు, 32 మంది మగవాళ్లు. 1850 నుంచి దాదాపు ప్రతి ఏడాదీ జాతీయ సభలు పెట్టుకుంటూ పోయారు. ఓటు హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది 1920లో, అంటే 72 ఏళ్లు. మన దగ్గర అఖిల భారత మహిళా సభ 1927లో పుణెలో మొదటిసారి కూడింది ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకోడానికి, కూర్చుని మాట్లాడేసరికి చిన్నప్పుడే పెళ్లి చేసేస్తుంటే ఇంక చదువెక్కడ సాగుతుంది అన్న దగ్గరికి వచ్చి ఆగింది విషయం, అక్కణ్నుంచి బాల్యవివాహాల మీద పడ్డారు, 1929లో వాటిని ఆపడానికి శారదా చట్టం వచ్చింది, 1932లో ఢిల్లీలో ఆడపిల్లల కోసం లేడీ ఇర్విన్ కాలేజీ పెట్టారు. మార్చి 8న మీ ఆఫీస్‌లో చేసుకునే విమెన్స్ డే కూడా 1910లో కోపెన్‌హాగన్‌లో 17 దేశాల ఆడవాళ్లు కూడిన ఒక కాన్ఫరెన్స్‌లో జర్మనీ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ పెట్టిన ప్రతిపాదనలోంచే వచ్చింది, తేదీ తర్వాత కుదిరింది అనుకో. 1995లో బీజింగ్‌లో ఐక్యరాజ్యసమితి పెట్టిన మహిళా సభలో 189 దేశాలు 12 అంశాల మీద ఒప్పుకుని కాగితం రాసుకున్నాయి.

వీటన్నిటిలో ఒకటి గమనించావా, ప్రతిచోటా ఒక కాగితం ఉంది. మాకు ఫలానాది కావాలి అని రాసి ఉన్న కాగితం. నీ చేతిలో కూడా అలాంటిది ఒకటి ఉండాలి, చిన్నదే, ఒక్క వాక్యం చాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా, అందులో అందరికీ ఏం కావాలో ఉంది, ఆఫీస్‌కి ఏం కావాలి, అత్తగారికి ఏం ఇష్టం లేదు, మీ ఆయన ఏమన్నారు, ఆ టీమ్‌లో అతను ఏమన్నాడు, అన్నీ రాశావ్, నీకేం కావాలో ఎక్కడా రాయలేదు. నాలుగేళ్లుగా టీమ్ లీడ్‌గానే ఉన్నా అన్నావు, ఆ మాటలో కాస్త బాధ వినిపించింది నాకు. మేనేజర్ అవ్వాలని ఉందా? వేరే విభాగానికి మారాలని ఉందా? బడ్జెట్ నీ చేతికి రావాలని ఉందా? లేకపోతే ఇప్పుడున్న పని ఇష్టమే గానీ జీతం చాలట్లేదా? ఏదైనా పర్లేదు, ఒకటి తేల్చుకో. "నాకు లీడర్‌షిప్ స్కిల్స్ పెంచుకోవాలని ఉంది" లాంటి వాక్యం రాస్తే కొట్టేయ్, దాంతో ఎవరూ నీకు సాయం చెయ్యలేరు. ఇలా రాయి: "నేను 14 మంది టీమ్‌ని నడుపుతున్నా, వచ్చే ఏడాదిలో రెండు టీమ్‌లు ఉన్న ఆపరేషన్స్ మేనేజర్ పోస్టుకి వెళ్లాలనుకుంటున్నా, బడ్జెట్ అనుభవం లేదు, అది ఎలా సంపాదించాలో చూస్తున్నా." అంకెలు నీవి పెట్టుకో. చూడు ఈ వాక్యం వినగానే ఎదుటివాళ్లకి ఏదో ఒకటి తడుతుంది, నేను అలాగే వెళ్లా అంటారు, లేకపోతే ఫలానావిడతో మాట్లాడు అంటారు, లేకపోతే మా దగ్గర బడ్జెట్ లేకుండానే ఇచ్చారే అంటారు. ఇంట్లో గట్టిగా పైకి చదువుకో, మాట తడబడనంత వరకు. కొత్తవాళ్లతో కలవలేను అన్నావు కదా, సగం భయం ఏం చెప్పుకోవాలో తెలియక వచ్చేదే, ఆ వాక్యం నోట్లో ఉంటే సగం తగ్గుతుంది.

వెళ్లేముందు ఇంకో పని, ఇది చాలామంది చెయ్యరు, మీ మేనేజర్‌తో ఒక పావుగంట మాట్లాడు. పర్మిషన్ అప్పటికే ఇచ్చారు కాబట్టి అడుక్కోడానికి కాదు, వాళ్లని కాస్త ఇందులోకి లాగడానికి. మెసేజ్ ఇలా పెట్టొచ్చు: "కాన్ఫరెన్స్‌కి పంపుతున్నందుకు థాంక్స్. మన టీమ్‌కి పనికొచ్చే విషయం ఏదైనా అక్కడ తెలుసుకుని రావాలంటే మీరేం అడగమంటారు? నా వైపు నుంచి మేనేజర్ స్థాయికి వెళ్లడానికి ఏం కావాలో అక్కడివాళ్లతో మాట్లాడి రావాలనుకుంటున్నా. తిరిగొచ్చాక ఒక అరగంట మీకు చెప్పడానికి టైమ్ ఇస్తారా?" అంతే. ఇందులో రెండు పనులు జరిగిపోయాయి, నీకు మేనేజర్ అవ్వాలని ఉందని రాతపూర్వకంగా చెప్పేశావు, వచ్చాక మీటింగ్ ముందే ఖాయం చేసుకున్నావు. నువ్వు చెప్పకపోతే నీకు పైకి రావాలని ఉందన్న సంగతి వాళ్లకి తెలియకపోవచ్చు కూడా, పని బాగా చేస్తోంది, ఇక్కడ హాయిగా ఉంది అనుకుంటారు. ఏళ్ల తరబడి అలా అనుకుంటూనే ఉంటారు.

కార్యక్రమాల పట్టిక వచ్చాక దాన్ని కూర్చుని చదువు. పెద్ద హాల్లో పెద్దపేరున్నవాళ్ల ప్రసంగాలు ఒకటో రెండో విను, బాగానే ఉంటాయి, కానీ అవి తర్వాత వీడియోలో కూడా దొరుకుతాయి చాలాసార్లు. వీడియోలో దొరకనివి చిన్న గదుల్లో ఇరవై ముప్పై మందితో జరిగే వర్క్‌షాప్‌లు, జీతం గురించి ఎలా మాట్లాడాలి, లెక్కలు ఎలా చదవాలి, టీమ్‌లో గొడవ ఎలా తేల్చాలి లాంటివి, వాటికి నీ టైమ్ ఇవ్వు. వక్తల్లో నీ పనికి దగ్గరగా ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే వారం ముందే రెండు లైన్ల మెసేజ్ పెట్టు, మీ సెషన్‌కి వస్తున్నా, ఫలానా విషయం అడగాలని ఉంది, అయ్యాక రెండు నిమిషాలు కలవొచ్చా అని. జవాబు రాకపోయినా నష్టం లేదు, అక్కడ వెళ్లి మెసేజ్ పెట్టింది నేనే అంటే చాలామంది గుర్తుపడతారు.

ఇప్పుడు నువ్వు భయపడుతున్న విషయానికి వస్తా. పెద్ద హాలు, అందరూ గుంపులు గుంపులుగా నవ్వుతూ మాట్లాడుకుంటూ ఉంటారు, నువ్వు మెడలో బ్యాడ్జి వేసుకుని ఫోన్ చూస్తూ ఒక పక్కన నిలబడతావు. అది నీ ఒక్కదానికే జరుగుతుందనుకోకు. నీకొక కథ చెప్తా, నిజంగా జరిగిందే. 1987లో కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఒక పెద్ద సదస్సు జరిగింది, అది ఆడవాళ్ల కాన్ఫరెన్స్ కూడా కాదు, వందల మంది మగవాళ్లు, ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అనీటా బోర్గ్ అనే కంప్యూటర్ సైంటిస్ట్ అక్కడ లేడీస్ రెస్ట్‌రూమ్‌లో మిగతా ఆడవాళ్లతో మాట కలిపింది, మనం ఇంత తక్కువమందిమి ఉన్నాం ఏంటి అని, అందరం కలిసి భోంచేద్దాం అనుకున్నారు. ఆ భోజనం దగ్గర మాట్లాడుకున్నదాంట్లోంచి సిస్టర్స్ అనే ఈమెయిల్ గ్రూప్ పుట్టింది, తర్వాత వేలమంది చేరారు, 1994లో అదే అనీటా బోర్గ్, టెల్లీ విట్నీ కలిసి తొలితరం కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పేరు మీద ఒక కాన్ఫరెన్స్ మొదలుపెట్టారు, మొదటిసారి 500 మంది వచ్చారు, టెక్నాలజీలో ఆడవాళ్లకి ప్రపంచంలోనే పెద్ద సభగా అయింది తర్వాత. మొదలైంది ఎక్కడ? చేతులు కడుక్కునే చోట. స్టేజీ మీద కాదు, మైకులో కాదు.

అందుకే నీకు గుంపులోకి చొరబడమని చెప్పను. నీలాగే ఒంటరిగా నిలబడినావిడ ఇంకొకరు ఖచ్చితంగా ఉంటారు, ఆవిడ దగ్గరికి వెళ్లు. కాఫీ లైన్‌లో ముందున్నావిడతో మాట్లాడు. "మీరు ఏ సెషన్ నుంచి వస్తున్నారు, బాగుందా?" అంటే చాలు, దానికి సమాధానం చెప్పడం ఎవరికీ కష్టం కాదు. ఆ తర్వాత "మీరు ఏం చేస్తారు" అని ఊరుకోకు, "ఈ ఏడాది మీ పనిలో మీకు పెద్ద తలనొప్పి ఏంటి" అని అడుగు, అప్పుడు మనుషులు నిజంగా మాట్లాడతారు. నువ్వు త్వరగా కలవలేను అన్నావు గానీ వినడం వచ్చి ఉంటుంది నీకు, అలాంటివాళ్లకి వచ్చే గుణం అది, దాన్ని వాడుకో. ఎదుటావిడ చెప్పింది పూర్తిగా విని, మధ్యలో ఫోన్ చూడకుండా, ఆఖర్న నీ ఒక్క వాక్యం చెప్పు. విజిటింగ్ కార్డులు పంచిపెట్టుకుంటూ పోయే పని అసలు వద్దు, రెండ్రోజుల్లో మనసు విప్పి మాట్లాడినవాళ్లు ఐదుగురు ఉంటే చాలా ఎక్కువ. మీ ఆఫీస్ నుంచి ఇంకెవరైనా వస్తుంటే మాత్రం వాళ్లకి అతుక్కుపోకు, భోజనం దగ్గర వేరే బల్లకి వెళ్లి కూర్చో, వాళ్లని రోజూ చూస్తావు కదా.

ఇంకొకటి, ప్రశ్నల టైమ్‌లో చెయ్యి ఎత్తు. నీలాంటి దానికి ఇది కష్టమని తెలుసు, అయినా ఒక్కసారి. 2018లో పది దేశాల్లో 35 సంస్థల్లో జరిగిన 247 సెమినార్లని గమనించి ఒక పరిశోధన ప్రచురించారు, హాల్లో ఆడా మగా సమానంగా ఉన్నా సరే మగవాళ్లు ప్రశ్న అడిగే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువ ఉందని తేలింది. నాకు ఇందులో ముఖ్యంగా అనిపించింది వేరే, మొదటి ప్రశ్న మగాయన అడిగితే ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు ఇంకా తగ్గిపోతున్నాయి. అంటే మొదట ఎవరు నోరు విప్పారన్నదాన్ని బట్టి హాలంతా మారిపోతోంది. మహిళా కాన్ఫరెన్స్‌లో ఆ ఇబ్బంది తక్కువ కాబట్టి ప్రాక్టీస్ చెయ్యడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు, అక్కడ అలవాటు చేసుకుని తర్వాత మీ ఆఫీస్ మీటింగ్‌లో మొదటి ప్రశ్న నువ్వే అడుగు. ప్రశ్న ముందే రాసుకో, నీ పేరు, ఏం చేస్తావు, ప్రశ్న, మొత్తం ఇరవై సెకన్లు. "మీ ప్రసంగం చాలా స్ఫూర్తినిచ్చింది" అని మొదలుపెట్టకు, నేరుగా అడుగు: "మీకు మొదటిసారి బడ్జెట్ బాధ్యత ఎలా వచ్చింది, మీరు అడిగారా, వాళ్లే ఇచ్చారా, అడిగితే ఏమని అడిగారు?" ఇలాంటి ప్రశ్నకి వక్త స్క్రిప్ట్ పక్కన పెట్టి నిజం చెప్పాల్సి వస్తుంది. పైగా నువ్వు ఏం చేస్తావో హాల్లో అందరికీ తెలిసిపోతుంది, బయటికి రాగానే ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే వచ్చి పలకరిస్తారు, నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేకుండా.

మెంటర్ దొరుకుతుందేమో అన్న ఆశతో చాలామంది వస్తారు ఇలాంటి చోట్లకి. దొరికితే మంచిదే. కానీ మెంటర్ సలహా ఇస్తుంది, నిన్ను పైకి తీసుకెళ్లేది మాత్రం నువ్వు లేని గదిలో నీ పేరు ఎత్తేవాళ్లు, వాళ్లని స్పాన్సర్ అంటారు. హెర్మీనియా ఇబార్రా అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్, ఇంకొందరు కలిసి 2010లోనే రాశారు, ఆడవాళ్లకి సలహాలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటున్నారు గానీ పట్టుబట్టి ముందుకు తోసేవాళ్లు తక్కువ అని. ఆ స్పాన్సర్ చాలామటుకు మీ కంపెనీలోనే ఉండాలి, కాన్ఫరెన్స్‌లో దొరకదు. అక్కడ దొరికేది ఇంకోటి, నీలాంటి స్థాయిలో వేరే వేరే చోట్ల పనిచేసే ఆడవాళ్లు. దీని మీద 2019లో ఒక మంచి పరిశోధన వచ్చింది, 700 మందికి పైగా ఎంబీఏ చదివినవాళ్ల పరిచయాలని చూశారు, ఎక్కువమందితో సంబంధాలు ఉండి, దాంతోపాటు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో బాగా దగ్గరి స్నేహం ఉన్న మహిళలకి అవి రెండూ లేనివాళ్లకంటే రెండున్నర రెట్లు మెరుగైన స్థాయి ఉద్యోగాలు వచ్చాయి. ఆ దగ్గరి స్నేహితురాళ్లు ఒక్కొక్కరూ వేరే వేరే చోట్ల నుంచి వచ్చినవాళ్లైతే ఇంకా మంచిదట, అందరికీ తెలిసిన సంగతులే కాకుండా కొత్తవి తెలుస్తాయి కాబట్టి. జీతం సంగతి వాళ్లతోనే మాట్లాడగలవు. మీ ఆఫీస్‌లో పక్క సీటావిడని ఎంతిస్తున్నారని అడగలేవు, వేరే కంపెనీలో అదే పని చేసే ఆవిడని "ఈ పోస్టుకి మీ దగ్గర సుమారుగా ఎంత నుంచి ఎంత దాకా ఉంటుంది" అని అడగొచ్చు, నువ్వు నీది చెప్తే ఆవిడ ఆవిడది చెప్తుంది. ఇది ఒక్కటి తెలుసుకుని వచ్చినా నీ రెండ్రోజులు దండగ కాదు.

ఇవన్నీ చెప్తున్నా గానీ ఈ కాన్ఫరెన్స్‌లలో నాకు నచ్చనివి ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. ఆత్మవిశ్వాసం పెంచుకోండి, భయం వదలండి, మిమ్మల్ని మీరు నమ్మండి అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పే సెషన్లు ఉంటాయి. వినేటప్పుడు ఒళ్లు పులకరిస్తుంది, ఇంటికి వచ్చేసరికి లోపం అంతా నాలోనే ఉందేమో అన్న అనుమానం మిగుల్తుంది. నాలుగేళ్లుగా ఒకే చోట ఉండటానికి నీ ఆత్మవిశ్వాసం కారణం కాకపోవచ్చు చెల్లీ, మీ కంపెనీలో ప్రమోషన్‌కి రూల్ ఏంటో ఎవరికీ తెలియకపోవడం కారణం కావచ్చు, ఆ నిర్ణయం సాయంత్రాలు నువ్వు పాప కోసం ఇంటికి పరిగెత్తే టైమ్‌లో జరుగుతూ ఉండొచ్చు. అలాంటివాటికి ఉపన్యాసం మందు కాదు, రూల్ మార్చాలి. ఇల్లూ ఆఫీసూ ఎలా బ్యాలెన్స్ చేసుకోవాలి అన్న ప్యానెల్ కూడా ఉంటుంది తప్పకుండా, ఆ ప్రశ్న మగవాళ్లని ఎవరూ అడగరు, ఆ గంట నువ్వు బయట కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుకున్నా పర్లేదు. అందుకే ప్రతి సెషన్‌లో ఒక్కటే చూసుకో, దీంట్లో నేను మా ఆఫీస్‌లో సోమవారం అడగగలిగేది ఏమైనా ఉందా అని. ఉంటే రాసుకో, లేకపోతే విని వదిలేయ్.

వచ్చాక చెయ్యాల్సింది ఆలస్యం చెయ్యకు, వారం దాటితే అంతా చల్లారిపోతుంది, నీకూ వాళ్లకీ. మాట్లాడిన ఐదుగురికీ విడివిడిగా మెసేజ్ పెట్టు, అందరికీ ఒకటే కాపీ చేసి పంపకు, ఆవిడ చెప్పిన విషయం ఒకటి అందులో ఉండాలి. "మీరు ఆ రోజు వెండర్ కాంట్రాక్టుల తలనొప్పి చెప్పారు కదా, మేం వాడే ఫార్మాట్ పంపుతున్నా, పనికొస్తుందేమో చూడండి" అని ముందు నువ్వు ఏదో ఒకటి ఇచ్చావనుకో, ఆవిడ నిన్ను మర్చిపోదు. వాళ్లలో ఇద్దరితో నెలకోసారి ఫోన్లో మాట్లాడుకుందాం అని అడుగు, తారీఖు అప్పుడే పెట్టుకోండి, మళ్లీ ఎప్పుడైనా కలుద్దాం అంటే వచ్చే ఏడాది కాన్ఫరెన్స్ దాకా కలవరు.

తర్వాత మేనేజర్‌తో ముందే పెట్టుకున్న ఆ అరగంట. ఫొటోలు చూపించకు. ఒక పేజీ తీసుకెళ్లు, పైన టీమ్‌కి పనికొచ్చే విషయాలు రెండు, కింద నీ సంగతి. ఇలా అడుగు: "మేనేజర్ పోస్టుకి నన్ను పరిశీలించాలంటే నా దగ్గర ఏం లేదని మీరు అనుకుంటున్నారు? వచ్చే ఆరు నెలల్లో బడ్జెట్ పని ఒక భాగం నాకు ఇస్తారా?" చూద్దాం అంటారు, ఎక్కువమంది అలాగే అంటారు. అప్పుడు "ఎప్పుడు చూద్దాం?" అని నవ్వుతూనే అడుగు, తారీఖు చెప్పించుకో, మాట్లాడింది అంతా సాయంత్రం మెయిల్‌లో రాసి పంపు. కాదన్నా కూడా ఎందుకు కాదో తెలుస్తుంది, అది తెలియకుండా ఇంకో నాలుగేళ్లు ఉండటం కంటే చాలా మేలు. అక్కడ మారేది లేదని తేలిపోతే, బయట ఏమున్నాయో చెప్పడానికి ఐదుగురు ఆడవాళ్లు నీ ఫోన్లో ఉన్నారు అప్పటికి.

ఇంటి సంగతి పెద్దగా సాగదీయను. మీ ఆయన వెళ్లమంటున్నారు అన్నావు, అయితే అత్తగారితో మాట్లాడాల్సింది ఆయన, నువ్వు కాదు. "పాపని నేను చూసుకుంటా అమ్మా, రెండ్రోజులు" అని కొడుకు చెప్తే ఆ మాట బరువు వేరు. నువ్వు వంటలు చేసి డబ్బాల్లో పెట్టి, పాప బట్టలకి చీటీలు అంటించి, గంటకోసారి వీడియో కాల్ చేసే ఏర్పాట్లు చెయ్యకు, నాలుగేళ్ల పిల్లకి తండ్రి దగ్గర రెండ్రోజులు ఏం కాదు. రాత్రి పడుకునేముందు ఒకసారి మాట్లాడు, చాలు.

ఇక ఆ కమిటీ. దీన్ని నువ్వు చివర్లో చిన్న విషయంలా రాశావు గానీ నాకు ఇదే పెద్దదిగా అనిపించింది. హాలు బుక్ చెయ్యడం, బొకేలు తెప్పించడం, సర్టిఫికెట్ల మీద పేర్లు సరిచూడటం, అన్నీ చేసి ప్రోగ్రామ్ జరుగుతున్నప్పుడు నువ్వు వెనక నిలబడి మైకు పనిచేస్తుందా లేదా చూస్తుంటావు, అవునా? లిండా బాబ్‌కాక్, ఇంకొందరు ఆర్థికవేత్తలు 2017లో ఇలాంటి పనుల మీదే ప్రయోగాలు చేసి ప్రచురించారు, ఎవరో ఒకరు చెయ్యాలి గానీ చేసినవాళ్లకి ప్రమోషన్‌లో ఏ విలువా ఇవ్వని పనులు. ఆడా మగా కలిసి ఉన్న గ్రూపుల్లో ఆడవాళ్లు దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా మేం చేస్తాం అని ముందుకొచ్చారు, అడిగితే ఆడవాళ్లలో 76 శాతం ఒప్పుకుంటే మగవాళ్లలో 51 శాతం ఒప్పుకున్నారు. అదే అందరూ మగవాళ్లే ఉన్న గ్రూపులో పెడితే పని ఆగలేదు, వాళ్లలో వాళ్లే ఎవరో ఒకరు చేశారు, ఆడవాళ్ల గ్రూపుల్లో జరిగినంతగానే జరిగింది. అంటే ఆడవాళ్లకి ఆ పని ఎక్కువ ఇష్టమని కాదు, వీళ్లు చేస్తార్లే అని అందరూ అనుకోవడమే, మనం కూడా అనుకోవడమే. ఆడవాళ్ల సాధికారత కోసం పెట్టే ప్రోగ్రామ్ పనంతా అదే ఆడవాళ్ల నెత్తిన జీతం లేని అదనపు పనిగా పడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈసారి పూర్తిగా కాదనమని చెప్పను, నీకు అందులో ఉండటం ఇష్టమైతే ఉండు, కానీ ఏ పని చేస్తావో నువ్వు చెప్పు. ఏర్పాట్లు ఈ ఏడాది వంతులవారీగా వేరేవాళ్లు చూడాలి, మగవాళ్లు కూడా ఉండాలి, ఆ పిక్నిక్ అన్నతని పేరు నువ్వే సూచించు, సరదాకి కాదు, నిజంగానే. నువ్వు మాట్లాడేవాళ్లని ఎంపిక చేసే పని, విషయం నిర్ణయించే పని తీసుకో. కాన్ఫరెన్స్ నుంచి తిరిగొచ్చేసరికి ఎవరిని పిలవాలో నీకు తెలిసి ఉంటుంది, "మన కంపెనీలో ప్రమోషన్లు ఎలా నిర్ణయిస్తారు" అన్న విషయం మీద మీ పెద్దవాళ్లనే స్టేజీ మీద కూర్చోబెట్టి అందరి ముందు చెప్పించు, ఆ కార్యక్రమం నువ్వే నడిపించు. బొకేల సంగతి ఎవరో ఒకరు చూస్తారు. ఈ మాట కమిటీకి ఈ వారంలోనే మెయిల్‌లో చెప్పేయ్, పనులు పంచేశాక చెప్తే కుదరదు. అలాగే కాన్ఫరెన్స్‌లో వర్క్‌షాప్‌లకి విడిగా పేరు ఇవ్వాల్సి ఉందేమో ఇవాళే చూసుకో, చిన్న గదులు కదా, సీట్లు ముందే నిండిపోతాయి.